చావని మొక్కలు కావాలన్నారు

అక్వేరియాల పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ చల్లారకముందే అడిగేస్తారు: ఏ మొక్క పెడితే మళ్లీ మళ్లీ చూసుకునే పని ఉండదు మేడమ్ అని. నలుగురికి నోటితో చెప్పాక, ఇక రాసిపెడితే నయమనిపించింది. మొక్కల పేర్లు చెబుతాను. అవి చిన్న సంగతి. వాటిని ఎవరి తొట్టిలో పెడుతున్నారన్నది పెద్ద సంగతి. నా ఉద్యోగమంతా ఆ రెండోదానితోనే సరిపోయింది.

నేను చదివింది వృక్షశాస్త్రం. తొంభైల మొదట్లో విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుండగా, ఇంజనీరింగు సీట్ల గాలి వీచి బోటనీ గ్రూపు ఎత్తేశారు. ల్యాబులో మిగిలిన గాజు తొట్టిని నాకు వీడ్కోలు బహుమతిగా ఇచ్చారు. దాన్ని తెలిసిన పళ్ల డాక్టరు క్లినిక్కులో పెట్టి, కాలువ నుంచి తెచ్చిన మొక్కలు నాటాను. అక్కడికి వచ్చినవాళ్లు చూసి పిలిచారు. అలా ఆఫీసులు, దుకాణాలు, ఆసుపత్రులు తిరుగుతూ రెండు వేల పది దగ్గరి దాకా నీళ్లలో మొక్కలు పెంచాను. ఊరు మాత్రం నన్ను చేపల మేడమ్ అంది. చేపల గురించి నాకు తెలిసింది తక్కువ. అవి నా మొక్కల్ని తింటాయని తెలుసు.

మాది పామర్రు దగ్గర వ్యవసాయ కుటుంబం. నా పనేమిటో మొదటిసారి చెప్పినప్పుడు మా నాన్నకు నమ్మకం కుదరలేదు. పంట కాలువలో నాచు పెరిగితే నీళ్లు పారవని, ఏటా కూలీలను పెట్టి దాన్ని పీకించి గట్టున పారేయించే మనిషి ఆయన.

"మేం పీకేసేదాన్ని నువ్వు అద్దాల పెట్టెలో నాటుతున్నావా?" అని అడిగాడు.

అవునన్నాను.

"అందుకోసం నిన్ను ఇంటికి కారు పంపి పిలుస్తున్నారా?"

అవునన్నాను. విజయవాడ మీద ఆయనకున్న అభిప్రాయం ఆ రోజుతో స్థిరపడింది.

మెయింటెనెన్స్ ఉండకూడదండీ

ఏ కస్టమరు దగ్గరికి వెళ్లినా మొదటి మాట ఇదే. విని సంబరపడకండి. ఒక్కొక్కరి నోట్లో దానికి ఒక్కో అర్థం ఉంటుంది. బట్టల షాపాయన దృష్టిలో, తొట్టి వైపు ఆయన ఎప్పుడూ చూడకూడదు, వచ్చినవాళ్లు మాత్రం చూస్తూనే ఉండాలి. కర్టెన్ల రంగుకు కలిసే ఆకులు కావాలని కూడా అడిగాడు. ఒక ఆడిటరుగారి దృష్టిలో, మొక్కలు ఎంత నాటితే అంతే ఉండాలి, పెరగనూ కూడదు, తగ్గనూ కూడదు. ఆయన వృత్తిరీత్యా అది సహజమే అనుకున్నాను.

బీసెంట్ రోడ్డు వైపు ఒక నగల దుకాణం యజమాని కథ కొంచెం వేరు. ఆయనకు సిద్ధాంతిగారు ఈశాన్యంలో నీళ్లుండాలని చెప్పారు. ఆ దుకాణానికి ఈశాన్యమంటే నిలువెత్తు అద్దాల కిటికీ. పొద్దున్నే ఎండంతా తొట్టి మీదే. వద్దండీ, నీళ్లు పచ్చబడతాయి అని చెప్పాను. సిద్ధాంతిగారు ఇరవై ఏళ్లుగా చెబుతున్నారు, మీరు నిన్న వచ్చారు అన్నాడాయన. రెండు వారాలు తిరగకుండానే నీళ్లు గోంగూర ఉడికించినట్లయ్యాయి. లోపల చేపలున్నాయో లేవో దేవుడికే తెలియాలి. నన్ను, సిద్ధాంతిగారిని కలిపి పిలిపించాడు. సిద్ధాంతిగారు తొట్టి చుట్టూ ఒకసారి నడిచి, పచ్చదనం లక్ష్మీప్రదం అని తేల్చి, టిఫిను చేసి వెళ్లిపోయారు. ఆ పచ్చనీళ్లు ఆ దుకాణంలో చాలా కాలం భక్తిగా ఉన్నాయి.

అదే యజమాని తర్వాత కెంపుల్లాంటి ఎర్రటి మొక్కలు కావాలన్నాడు. మీకూ అడుగుతారు. పెట్టకండి. ఎర్ర మొక్కకు వెలుతురు ఎక్కువ కావాలి, ఎరువు వేళకు అందాలి, రోజూ ఎవరో ఒకరు పలకరించాలి. దాన్ని తెచ్చుకోవడమంటే ఇంట్లో కొత్తల్లుణ్ణి దింపుకోవడమే. మూడు పూటలా మర్యాద చేసినా మొహం వేలాడేసుకునే ఉంటుంది. అలాగే, వెదురులా నిటారుగా ఉండే ఒక కాడను కొందరు అదృష్టం మొక్క అని తొట్టిలో ముంచుతారు. అది నీళ్ల మొక్క కాదు. వేళ్లు తడిస్తే చాలు దానికి. నిలువునా ముంచితే కుళ్లుతుంది. దాని అదృష్టం అంతవరకే.

బతికేవి ఇవి

వాలిస్నేరియా మన డెల్టా కాలువల్లో పెరిగేదే. పచ్చ రిబ్బన్లలా పొడుగ్గా ఉంటుంది. ఒకటి నాటితే పక్కకు తీగ పాకించి పిల్లల్ని పెడుతుంది. ఎక్కువైతే పీకాలి, అంతే దాని పని. మా నాన్న ఉచితంగా పంపేవాడు.

జావా ఫెర్ను, అనూబియాస్ అని రెండున్నాయి. ఇవి నీడలో బతుకుతాయి, మందపాటి ఆకులు కాబట్టి చేపలూ అంతగా ముట్టుకోవు. వీటిని రాయికో చెక్కకో దారంతో కట్టి వదిలేయాలి. అడ్డంగా పాకే దుంపను ఇసుకలో పాతితే కుళ్లి చస్తుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం పాతిపెడతారు. మొక్క అన్నాక పాతకపోతే మన చెయ్యి ఊరుకోదు.

క్రిప్టోకొరైన్ అనేది ఇంకొకటి. మేం క్రిప్టు అంటాం. మామూలు ట్యూబులైటు వెలుగులో, ఎవరూ పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి ఉంటుంది. తక్కువ పనికి దాన్ని మించింది నేను చూడలేదు. కానీ ఒక దుర్గుణం ఉంది. ఒక చోట నుంచి తీసి ఇంకో చోట నాటితే అలుగుతుంది. ఉన్న ఆకులన్నీ గంజిలా కరిగిపోతాయి. చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. వేరు మాత్రం బతికే ఉంటుంది. కదపకుండా వదిలేస్తే కొన్ని వారాలకు కొత్త ఆకు వేస్తుంది. ఆ ఆకులు ఇక కరగవు. ఈ సంగతి కస్టమరుకు ముందే చెప్పండి. ముందు చెబితే శాస్త్రం అంటారు, తర్వాత చెబితే సాకు అంటారు.

ముందు చెప్పినా సాకు అనేవాళ్లు ఉంటారు. ఇక ఆ ఆసుపత్రి సంగతికి వస్తాను.

గుండె ఆసుపత్రి తొట్టి

గన్నవరం వెళ్లే దారిలో ఒక గుండె ఆసుపత్రి. పేరు అక్కర్లేదు. దాని డైరెక్టరు డాక్టర్ చలపతిగారు పెద్ద సర్జను, చేతిలో మంచి పనితనం ఉందని పేరు. ఆపరేషన్ థియేటర్ బయట, రోగుల తాలూకు మనుషులు కూర్చునే హాల్లో ఆయనొక పెద్ద తొట్టి పెట్టించాడు. చెన్నై నుంచి వచ్చిన మనుషులు అందులో ఎర్ర మొక్కలు నాటి, గోల్డుఫిష్‌లు వదిలి వెళ్లారు. గోల్డుఫిష్‌లు మొక్కల్ని తినేశాయి. తర్వాత తినడానికేమీ లేక, నీళ్లు పాడై, ఒక్కొక్కటీ తేలడం మొదలుపెట్టాయి.

వేరే చోటైతే చేప చస్తే చేపే చచ్చినట్లు. అక్కడ అలా కాదు. ఆ హాల్లో పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్లకు చూడటానికి ఏమీ ఉండదు. థియేటర్ తలుపు తెరుచుకోదు, నర్సులు మాట్లాడరు. కళ్ల ముందు కదిలేవి చేపలే. చేప పైకి వస్తే ఒక అర్థం, మూలకు పోతే ఇంకో అర్థం. ఒక రోజు ఎవరి తాలూకు వాళ్లో తేలిన చేపను చూసి, ఆపరేషనుకు సిద్ధంగా ఉన్న తమ పెద్దాయన్ని మంచంతో సహా వేరే ఆసుపత్రికి తీసుకుపోయారు.

అప్పట్నుంచి ఆ ఆసుపత్రిలో చేపల విషయం చాలా సీరియస్ అయింది. మురళి అనే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు వాచ్‌మన్‌కు ఒక చిన్న వల ఇప్పించాడు. తేలినదాన్ని ఎవరూ చూడకముందే తీసేయాలి, అదే సైజుది బకెట్లోంచి తీసి వదలాలి. వార్డుల కంటే ఎక్కువ రౌండ్లు ఆ తొట్టికే జరిగేవని అక్కడి నర్సులు నవ్వుకునేవాళ్లు. చివరికి ఎవరో నా పేరు చెబితే కబురు పంపారు.

డాక్టరుగారు నన్ను తొట్టి దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. "ఈ బిల్డింగులో ఎక్కడ ఏదైనా జరగొచ్చమ్మా. దాచను. ఈ తొట్టిలో మాత్రం ఏదీ చావకూడదు."

"చావనివి లేవండీ," అన్నాను. "నెమ్మదిగా పెరిగి, మన జోలికి రానివి ఉన్నాయి."

"అవే పెట్టండి. నెలాఖరుకి కొత్త బ్లాకు ఓపెనింగు. మంత్రిగారొస్తున్నారు."

అప్పుడే చెప్పాను. నాటగానే కొన్ని ఆకులు కరుగుతాయి, తిరిగి వచ్చేదాకా ఆగాలి, చేపలు తర్వాత అని. ఆయన తలూపాడు. పెద్ద డాక్టర్లు తలూపితే విన్నట్లనుకోకండి. మాట్లాడింది చాలు, వెళ్లమని అర్థం.

ఇంకో తగువు లైటు దగ్గర వచ్చింది. తొట్టి మీద ట్యూబులైటు రాత్రంతా వెలిగితే పాచి పట్టేస్తుంది, దీపం పెట్టేవేళ ఆపేయండి అన్నాను. మురళి కంగారుపడ్డాడు. ఆసుపత్రిలో లైటు ఆపడమంటే జనం ఏమనుకుంటారు మేడమ్ అన్నాడు. ఆ భవనంలో ఆపకూడని స్విచ్చులే ఉన్నాయి, ఆపదగినది ఒక్కటీ లేదు. చివరికి తొట్టికి విడిగా ఒక స్విచ్చు సంపాదించుకున్నాను. నా వృత్తిలో నేను గెలిచిన పెద్ద యుద్ధాల్లో అదొకటి.

వెనక వాలిస్నేరియా, మధ్యలో చెక్కకు కట్టిన జావా ఫెర్ను, ముందంతా క్రిప్టులు నాటాను. అనుకున్నట్లే, ఓపెనింగు దగ్గరపడేసరికి క్రిప్టులు కరిగాయి. ముందు వరుసంతా బురద ముద్దలా తయారైంది.

డాక్టరుగారు వచ్చి చూశాడు. "చచ్చాయి కదమ్మా."

"లేదండీ. వేరు బాగుంది. ఆకులు మళ్లీ వస్తాయి."

"ఎన్ని రోజులకి?"

"చెప్పలేనండీ."

ఆయన నవ్వాడు. "ఈ మాట నేను పేషెంట్ల వాళ్లతో అంటే రేపటికి ఆసుపత్రి ఖాళీ అవుతుంది."

మంత్రిగారు మెచ్చిన మొక్కలు

మర్నాడు మురళి ప్లాస్టిక్ మొక్కలు తెచ్చాడు. గట్టి పచ్చవి, అక్కడక్కడా గులాబీ పూలతో. నాకు చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. వేళ్లు తీయొద్దని మాత్రం బతిమాలాను. తీసే తీరిక ఎవరికీ లేకపోవడం వల్ల అవి మిగిలాయి. కరిగిన మొక్కల మీదే ప్లాస్టిక్ వాటిని గుచ్చి, కొత్త చేపల్ని వదిలేశారు.

ఓపెనింగు రోజు నన్నూ రమ్మన్నారు. ఏదైనా అడిగితే చెప్పడానికి ఒక ఎక్స్‌పర్టు ఉండాలట. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, దండ వేయించుకుని, తొట్టి ముందు ఆగాడు. వంగి చాలా శ్రద్ధగా చూశాడు. "బజార్లో ప్లాస్టిక్కువి ఎన్నొచ్చినా, ఒరిజినల్ ఒరిజినలేనండీ," అన్నాడు. వెనకున్నవాళ్లంతా ఒప్పుకున్నారు. మా గెస్ట్‌హౌస్‌లోకి ఇలాంటివే కావాలి, ఈవిడ నంబరు తీసుకోండి అని పీఏకి చెప్పాడు. డాక్టరుగారు నా వైపు చూశాడు. నేను చేపల వైపు చూశాను. పూర్తిగా చేపల మేడమ్‌నయింది ఆ ఒక్క నిమిషమే.

కార్యక్రమం అయ్యాక మురళి చాలా మర్యాదగా, ఇక నేను రానక్కర్లేదన్నాడు. ప్లాస్టిక్ మొక్కలకి బోటనీ ఎందుకు మేడమ్ అన్నాడు. ఆలోచిస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇంటికొచ్చేశాను. రోషం లేదని చెప్పను. కొన్నాళ్లు ఆ రోడ్డు మీద వెళ్లాల్సి వస్తే బస్సులో ఆసుపత్రి కనబడని పక్క సీట్లో కూర్చునేదాన్ని.

చేపలు తేలిన ఉదయం

ప్లాస్టిక్ ఆకులకు పని ఉండదనుకుంటారు. బతికున్న ఆకు పాచికి అంత తేలిగ్గా లొంగదు. ప్లాస్టిక్ ఆకు ఊరికే కూర్చుంటుంది, దాని మీద పాచి హాయిగా కూర్చుంటుంది. కొన్ని వారాలకు ఆ గులాబీ పూలన్నీ గోధుమరంగు బొచ్చు పట్టాయి. మురళి వాటిని కడగమని క్లీనింగు వాళ్లకు చెప్పాడు. ఆసుపత్రిలో కడగడమంటే బ్లీచింగు పౌడరే. వాళ్లు మనసు పెట్టి కడిగారు. మనసు పెట్టి ఆ నీళ్లతోనే తొట్టిలో గుచ్చారు.

నేను కంకిపాడులో ఒక స్కూలు తొట్టి దగ్గర ఉండగా ఫోనొచ్చింది. మురళి గొంతు గుర్తుపట్టలేకపోయాను. వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. తొట్టిలో చేపలన్నీ తెల్లటి పొట్టలతో పైన పరుచుకుని ఉన్నాయి. వాచ్‌మన్ వలతో నిలబడ్డాడు కానీ, అన్నింటికి సరిపడా చేపలు ఏ బకెట్లోనూ లేవు. ఒక కుర్రాడు బట్టల సంచీ భుజాన వేసుకుని, మా నాన్నని ఇప్పుడే డిశ్చార్జి చెయ్యండి అని మురళిని నిలదీస్తున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్లు కూడా ఫైళ్లు అడుగుతున్నారు.

ఆ గోలలో ఒకావిడ మాత్రం బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉంది. పేరు నాంచారమ్మ అని తర్వాత తెలిసింది. బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు, చేపలమ్ముతుంది. భర్త ఏడుకొండలు వేటకు వెళ్లే మనిషి. ఆయనకు ఆ రోజే ఆపరేషను. సంచీ కుర్రాడు ఆవిడ ముందు నుంచి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి నాయనా, మీ అయ్యని లేపుకుని?"

అతను తొట్టి చూపించాడు.

"సచ్చిన సేప అపశకునమైతే మా ఊళ్లో ఒక్క పెళ్లి కూడా జరగదు. పొద్దున లేత్తే మాకు కనపడేయి అయ్యే. మా పిల్లలు పుట్టిన రోజున కూడా గంపెడు సచ్చిన సేపలు గుమ్మంలోనే ఉన్నాయి. కూకో."

ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొందరు. సంచీ కుర్రాడు కూర్చోలేదు గానీ, సంచీ కింద పెట్టాడు. మిగతావాళ్లు ఫైళ్ల సంగతి మానేశారు. గొప్ప గొప్ప డాక్టర్లు, అడ్మినిస్ట్రేటర్లు ఉన్న చోట ఆ హాలును నిలబెట్టింది ఆ మాటే.

నేను చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుని చేపల్ని తీసేశాను. ప్లాస్టిక్ మొక్కల్ని ఒక్కొక్కటే పీకి నేల మీద పడేస్తున్నాను. నాంచారమ్మ లేచి వచ్చి, అందులో ఒకటి చేతిలోకి తీసుకుంది. వంచి చూసింది. గోటితో గీరింది.

"ఇది ఉత్తుత్తిదా?"

అవునన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. చేపల్ని చూసి చలించని మనిషి ఆ ఆకును పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. వచ్చిన రోజు నుంచీ దీన్నే చూస్తోందట. పైన పాచి పట్టినా ఇంత పచ్చగా, ఒక్క ఆకు వాడకుండా ఉంది కాబట్టి తన మనిషికి కూడా మంచే జరుగుతుందని లోపల అనుకుంటోందట. ఆపరేషనుకు ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం మీద ఇంకా వేలిముద్ర వెయ్యలేదు. ఇవాళ పొద్దున వేద్దామని ఆగింది.

ఆ హాల్లో అందరూ చేపల్ని నమ్ముకుంటే, చేపల మనిషి నా మొక్కని నమ్ముకుంది. అది నా మొక్క కూడా కాదు.

బాగుంటుందమ్మా, భయపడకు అనడం తేలిక. మురళి అయితే అనేసేవాడే. నాకు తెలిసింది మొక్కల సంగతొక్కటే, అందుకని అదే చెప్పాను. ఇక్కడ నిజమైన మొక్కలుండేవి, నాటాక ఆకులు కరిగిపోయాయి, ఆగే ఓపిక లేక వీటిని పెట్టారు అన్నాను.

"సచ్చిపోయినయ్యా?"

"వేళ్లుండాలి. చూద్దాం."

తొట్టిలో చెయ్యి పెట్టి ఇసుక తవ్వాను. మొదటివి రెండు మెత్తగా కుళ్లి వచ్చాయి. బ్లీచింగు నీళ్లకు పోయాయనుకున్నాను. మూడోది గట్టిగా తగిలింది. చుట్టూ ఇసుక తప్పించి చూస్తే వేళ్లు తెల్లగా ఉన్నాయి. పైన వరి మొలకంత చిగురు ఒకటి, క్రిప్టు లేతాకుల గోధుమరంగులో ఉంది.

ఆవిడ అద్దానికి మొహం ఆనించి చూసింది. "ఇది బతుకుద్దా?"

"చెప్పలేనమ్మా. మందు నీళ్లు పడ్డాయి. నా వంతుగా నీళ్లు మారుస్తాను."

ఆవిడ అద్దం నుంచి మొహం తీసింది. తర్వాత అంది, "పెద్ద డాక్టరుగారు కూడా ఇట్టాగే అన్నాడు నిన్న. సెప్పలేనమ్మా, నా సేతనైంది సేత్తానన్నాడు. నాకు కోపమొచ్చింది. అంత సదువుకుని సెప్పలేనంటాడేంటని." చేతిలోని ప్లాస్టిక్ ఆకును బకెట్లో పడేసింది. "అబద్ధమాడేవోళ్లయితే ఆకులు బాగానే సూపిత్తారు. ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సూపించమ్మా."

నర్సు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆ రోజంతా తొట్టి నీళ్లు మారుస్తూ అక్కడే ఉండిపోయాను. అంతసేపు పట్టే పని కాదు. బకెట్లు మోస్తూ థియేటర్ తలుపు వైపు చూసేదాన్ని. శకునాల గురించి ఇంత వెటకారంగా రాస్తున్న నేను, ఆ మొలక వైపు ఎన్నిసార్లు చూశానో ఇక్కడ రాయను. సాయంత్రం డాక్టరుగారు బయటికొచ్చి, గుండె బాగానే కొట్టుకుంటోందని నాంచారమ్మకు చెప్పాడు. ఆవిడ నేల మీద చతికిలబడి ఏడ్చింది.

ఎదురుచూసిన తొట్టి

జరిగింది నర్సులు చెప్పారో మురళి చెప్పాడో, మర్నాడు డాక్టరుగారు నన్ను పిలిచాడు. ఇప్పుడు ఎన్నాళ్లు కావాలమ్మా అని అడిగాడు. చెప్పలేనండీ అన్నాను. ఈసారి నవ్వలేదు. సరే అన్నాడు.

అప్పుడు నా పద్ధతిలో చేశాను. మీరూ ఇలాగే చెయ్యండి. అడుగున కడిగిన ముతక ఇసుక. మొక్కలు ముందే దట్టంగా నాటాలి, తర్వాత కొంచెం కొంచెం నాటుదామనుకుంటే ఆ ఖాళీలో పాచి కాపురం పెడుతుంది. లైటు పగలు మాత్రమే. ఆకులు కరిగితే కరిగినవి తీసేసి, వేరు ముట్టుకోకండి. చేపలు చివర్లో, అవీ చిన్నవి, కొద్దిగా. మురళి మాత్రం ఖాళీ తొట్టి చూడలేక, పనులు జరుగుచున్నవి అని బోర్డు పెట్టించాడు. నీళ్లలో మొక్క పెరగడాన్ని రోడ్డు మరమ్మతుగా గుర్తించిన మొదటి సంస్థ అదే అయ్యుంటుంది.

చేపల్లేని కాలంలో ఆ హాలు ప్రశాంతంగా ఉంది. అర్థం చెప్పుకోవడానికి ఏమీ లేక జనం ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. తర్వాత గప్పీలనే బుల్లి చేపల్ని వదిలాను. ఆకుల మధ్య చచ్చేవి చస్తుంటే పుట్టేవి పుట్టేవి, ఎవరికీ లెక్క చిక్కలేదు. వాచ్‌మన్ వల వెనక్కిచ్చేశాడు. ఏడుకొండలు చెకప్‌కు వచ్చినప్పుడు ఆ గప్పీలను చాలాసేపు చూసి, ఇవి ఎన్నుంటే కూరవుద్దమ్మా అని అడిగాడు. నాంచారమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

ఆ తర్వాతి ఏడాది డాక్టరుగారు హైదరాబాదులో ఏదో సభలో, రోగుల బంధువులకు ప్రశాంతమైన వాతావరణం ఎలా కల్పించాలో ప్రసంగించాడు. నా తొట్టి ఫొటో తెర మీద వేసి, ఇది మా ఇన్‌హౌస్ టీము కృషి అన్నాడట. ఆ టీములో ఎవరెవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. పైవాళ్ల విషయంలో నేను నేర్చుకున్నదేమిటంటే, మీ పని వాళ్లదని చెప్పుకుంటున్నారంటే పని బాగుందని అర్థం. బాగా లేనప్పుడు మీ పేరు స్పష్టంగా పలుకుతారు.

టీవీ వచ్చాక

ఆ తర్వాత కొన్నేళ్లకు గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాయి. మురళి ఒక రోజు ఉత్సాహంగా ఫోను చేశాడు. హాల్లో తొట్టి తీసేసి పెద్ద టీవీ పెడుతున్నారట. అందులో రోజంతా చేపలు, నీళ్ల మొక్కలు ఉన్న వీడియో నడుస్తుందట. నీళ్లు మార్చక్కర్లేదు, ఏదీ చావదు. అనుభవం ఉన్నదాన్ని కాబట్టి ఏ మొక్కల వీడియో బాగుంటుందో నన్ను ఎంచి పెట్టమన్నాడు.

వెళ్లాను. ఎంచాను కూడా. ఎర్ర మొక్కలున్నదే ఎంచాను. టీవీలో అవి బాగా పెరుగుతాయి.

తొట్టిని ఏం చేస్తారని మురళిని అడిగాను. పాత సామాన్ల వాడికి చెప్పామన్నాడు. మొక్కలన్నా ఇంటికి తీసుకుపోదామని బకెట్లు పట్టుకుని రెండో రోజు వెళ్లేసరికి తొట్టి హాల్లో లేదు. పైన డాక్టరుగారి సొంత గదిలో ఉంది. నలుగురు మనుషుల చేత మెట్ల మీదుగా ఎక్కించాడట. రోగులు, బంధువులు రాని గది అది. ఆపరేషన్ల మధ్య ఆయన కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు.

"కింద టీవీ ఉందిగా, వాళ్లకి అది చాలు," అన్నాడు. "ఇక్కడ ఎవరూ చూడరమ్మా. చచ్చేవి చావనీ, వచ్చేవి రానీ."

నేను పని మానేసే దాకా వారానికోసారి ఆ గదికి వెళ్లాను. మిగతా కస్టమర్లంతా టీవీలకో ప్లాస్టిక్‌కో మారిపోయారు. ఆ తొట్టికి చెయ్యాల్సిన పని నిజానికి చాలా కొద్ది. తగ్గిన నీళ్లు పొయ్యాలి, ముదిరిన ఆకులు తియ్యాలి. ఆయన ఉంటే ఒకటి రెండు మాటలు, లేకపోతే నా పని నేను చేసుకుని వచ్చేసేదాన్ని. మెయింటెనెన్స్ అనే మాట ఆయన నోట మళ్లీ వినలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆకులు కత్తిరిస్తుండగా థియేటర్ నుంచి నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ ఇంకా తియ్యలేదు. ఒకాయన పోయాడమ్మా అన్నాడు. నేను కత్తెర ఆపాను. ఆపొద్దన్నట్లు చెయ్యి ఊపి, లేచి వచ్చి, కత్తెర ఇమ్మన్నాడు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి నీళ్లలోకి పెట్టాడు.

"ఏది తియ్యాలి?"

పసుపెక్కినదాన్ని చూపించాను. "మొదలు దగ్గర కొయ్యండి. పక్కవి కదలకుండా."

చాలా జాగ్రత్తగా కోశాడు. ఆకు పైకి తీసి, ఎక్కడ వెయ్యాలని అడిగాడు. బకెట్టు ముందుకు జరిపాను. అందులో వేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పోయినాయన తాలూకు వాళ్లతో మాట్లాడటానికి కిందికి వెళ్లాడు.